వలలా ఆరిన ఊలు

నాన్న ఎక్కాల్సిన ఓడ, నేను అల్లిక మొదలుపెట్టిన నలభై నాలుగో రోజు ఉదయం ఆరు గంటలకు బయలుదేరుతుంది. మిన్నీ బేలోని మా ఇంటి నుంచి గోల్ ఘర్‌లో అల్లిక నేర్పే దీదీ ఇంటికి నా లెక్కన నాలుగు వేల రెండు వందల అడుగులు. ఆఫీసు 5.10కి వదిలితే 5.50కి సూదులు చేతిలో ఉండేవి. ఆదివారాలు దీదీకి ప్రార్థన. మిగతా రోజుల్లో రెండు గంటలు.

నాన్న చేపల వేట మానేసి అప్పటికి ఏడు నెలలు. ఊపిరితిత్తుల జబ్బుకు ఆయన్ను అవతలి ఒడ్డున, కొండ మీది ఆసుపత్రికి పంపాలని డాక్టరు రాశాడు. అక్కడ చలి. మా దీవిలో స్వెట్టర్ అమ్మే దుకాణం నాకు తెలిసి లేదు. ఓడలో పనిచేసే ఒకాయన ఎనిమిది ఉండల ఊలు తెచ్చిపెట్టాడు. నేను ఇంజనీరింగ్ ఆఫీసులో నకళ్లు గీసే ట్రేసర్‌ని. కొలత ఇస్తే తప్పు చేయననే నమ్మకం ఉండేది.

దీదీ రిటైరైన నర్సు, కోస్తా నుంచి వచ్చిన తెలుగు క్రైస్తవురాలు. సూది ముందు నుంచి దూరిస్తే సీధా, వెనక నుంచి దూరిస్తే ఉల్టా. ఒక్కో ఉచ్చు ఒక ఫందా. నాలుగు అంగుళాలకు ఇరవై రెండు ఫందాలు రావాలి. మొదటి ముక్కలో ఇరవై ఆరు వచ్చాయి.

“ఇంత టైట్‌గానా? మీ బాప్‌కి ఊపిరి ఆడాలా వద్దా?” అని దీదీ మొత్తం విప్పించింది.

ఊలు చివరలకు ముడి వేయకూడదని, వెనకవైపు ఫందాల్లోంచి నాలుగు అంగుళాలు దూర్చి దాచాలని నేర్పింది. ఇంట్లో ఆ పని చేస్తుంటే నాన్న వంగి చూశాడు.

“ఏటే గుంటా, ముడెయ్యకుండా ఒగ్గేస్తన్నావు? వలైతే చేపలన్నీ నవ్వుకుంటా ఎలిపోతాయి.”

“ముడేస్తే వీపుకి గుచ్చుకుంటాది నానా.”

“నా వీపుకా!” అని నవ్వబోయి దగ్గాడు.

నలభై ఒకటో రోజుకు వీపు, ఛాతీ, రెండు చేతులు, నాలుగు ముక్కలూ పూర్తయ్యాయి. మర్నాడు ఉదయం వాటిని తడిపి, తువ్వాలులో ఒత్తి, చాప మీద కొలతకు సర్ది, గుండుసూదులు గుచ్చి 8.20కి ఆఫీసుకు వెళ్లాను. ఆరాక పక్కలు కుట్టాలి. ముడుల సంగతి నాన్నకు చెప్పాను. ఆరబెట్టడం గురించి చెప్పలేదు.

సాయంత్రం వచ్చేసరికి ముక్కలు పెరట్లో వలలు ఆరేసే వెదురు మీద, సముద్రపు గాలికి వేలాడుతున్నాయి. అంచులు చుట్టుకుపోకుండా కింద వరుసగా వలకు కట్టే సీసపు గుండ్లు కట్టి ఉన్నాయి.

“చాప మీదయితే బూజెట్టీసును. వలనిలాగే గదే ఆరేస్తాం,” అన్నాడు నాన్న.

టేపు పెట్టి చూశాను. వీపు ముక్క ఇరవై ఆరు అంగుళాలు ఉండాలి. ముప్పై మూడు ఉంది. వెడల్పు ఇరవై ఒకటికి బదులు పదిహేడు. నాన్న టేపు వైపు చూసి, గుండ్లు ఒక్కొక్కటిగా విప్పాడు.

ముక్కలు తీసుకుని దీదీ దగ్గరకు వెళ్లాను. “మళ్లీ తడుపు. ఊలు వెనక్కి వస్తుంది, మగర్ టైమ్ పడుతుంది,” అంది. తడిపి మళ్లీ చాప మీద సర్దితే చాలావరకు వెనక్కి వచ్చింది. కానీ ఆ సాయంత్రమే వాన పట్టుకుని మూడు రోజులు వదల్లేదు. ఓడ రోజున తెల్లవారుజామున నాలుగు గంటలకు ముక్కలు నొక్కి చూస్తే చేతికి నీరు తగిలింది.

“తొరవాత ఓడకి అంపీయ్. అప్పుటిదాకా నాకు చలేటి,” అని నాన్న భుజాన తువ్వాలు వేసుకుని ఓడ ఎక్కాడు.

నలభై ఆరో రోజున పక్కలు, చేతులు, మెడ కుట్టాను. కొలత సరిపోయింది. పన్నెండు రోజుల తర్వాతి ఓడలో పార్శిలు పంపాను. ఆ ఓడ ఇంకా సముద్రం మీద ఉండగానే ఆసుపత్రి నుంచి టెలిగ్రాం వచ్చింది. చదివి, మడిచి, ఆఫీసుకు వెళ్లాను. ఆ రోజు రెండు డ్రాయింగులు గీశాను, తప్పులు లేవు.

వాడిన ఊలు ఆరున్నర ఉండలు. అల్లికకు డెబ్బై గంటలు, కుట్టుకు నాలుగు. విరిగిన సూది ఒకటి. పార్శిలు తిరిగి రాలేదు. నాన్నకు యాభై నాలుగేళ్లు.