ఖాళీ మిక్సీ

సరూర్‌నగర్‌లో మేం కిరాయికున్న ఇంట్లో సాయంత్రమైతే మిక్సీ తిరిగేది. జార్‌లో ఏమీ ఉండేది కాదు. నాన్న తాగొచ్చి అమ్మ మీద చెయ్యి చేసుకుంటుంటే, కింద ఉండే ఇంటివాళ్ళకు వినపడకుండా అమ్మే నన్ను మిక్సీ వేయమనేది. గొడవల కొంప అని తెలిస్తే ఖాళీ చేయమంటారని ఆమె భయం. నేనప్పుడు మూడో తరగతి. మిక్సీ ఆపితే అమ్మ చచ్చిపోతుందని నా భయం.

ఇంటావిడ కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. ఒకసారి మెట్ల దగ్గర నన్ను ఆపి, "ఏమ్మా, మీ ఇంట్లో రోజూ చట్నీలేనా? మాకూ కాస్త పంపొచ్చు కదా!" అని నవ్వింది. నేను ఒక్క పరుగున పైకెళ్ళి చెబితే అమ్మ అప్పటికప్పుడు పల్లీలు వేయించి, చట్నీ చేసి పంపింది. ఏం పరువండీ మాది! ఆవిడ చాలా బాగుందని మెచ్చుకుంది కూడా.

ఇప్పుడు మీర్‌పేట్‌లో ఉంటున్నాను. మా ఆయన తాగడు, నా మీద ఎన్నడూ గొంతు పెంచలేదు. ఈ సంగతి నా బుర్రకు తెలుసు, ఒంటికే తెలియదు. ఎల్బీ నగర్‌లో మెట్రో దిగానని ఆయన ఫోన్ చేస్తే చాలు, చేతులు చల్లబడతాయి. హాల్లో బొమ్మలు సర్దేస్తాను. టీవీ కట్టేసి, చప్పుడు చేయొద్దని పాపను కసురుతాను. ఆయన లోపలికి రాగానే ముందు ముఖం చూస్తాను. నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఈ భయం నా కూతురికి అంటకుండా ఉంటే చాలని రోజూ అనుకుంటాను.

మొన్న ఆయన చేతిలోంచి స్టీల్ గ్లాసు జారి పడింది. నేను వంటగది గోడకు అతుక్కుపోయి, తలకు మోచేయి అడ్డం పెట్టుకున్నాను. ఆయన బిత్తరపోయాడు.

"ఏమైంది? గ్లాసే గదా పడ్డది."

ఆయన నీళ్ళు తుడిచే గుడ్డ కోసం బాల్కనీలోకి వెళ్ళగానే, ఒకటో తరగతి చదివే నా కూతురు వచ్చి నా చున్నీ పట్టుకుంది.

"మమ్మీ, డాడీ కొడ్తడా?"

"లేదు బిడ్డా. డాడీ ఎన్నడు కొట్టలే."

"మరి డాడీ ఒస్తుంటే నువ్వు రోజు భయపడ్తవ్ గదా," అంది మెల్లగా. "అప్పుడు నాకు గూడ కడుపుల నొస్తది."