ఎనిమిది గదుల పటాకుల చందా

ఇస్నాపూర్‌లో మేము కిరాయికున్న ఇంటి యజమానిని నేను ఇప్పటికీ క్షమించలేదు. క్షమించాలని ప్రయత్నం కూడా చేయలేదు. ఆయన మమ్మల్ని ఎన్నడూ తిట్టలేదు. ఎప్పుడూ ‘బిడ్డా’ అనే పిలిచేవాడు. ఆ పిలుపుతోనే మా దగ్గర దీపావళి చందా వసూలు చేశాడు.

ఆ ఇల్లు హైవే నుంచి రెండు సందులు లోపలికి ఉండేది. ఒకప్పుడు అక్కడ వాళ్ళ జొన్నచేను ఉండేదట. ఫ్యాక్టరీలకు మనుషులు వచ్చి, ఆ మనుషులకు గదులు కావాల్సి వచ్చేసరికి చేను పోయి కింద ఎనిమిది గదులు, పైన వాళ్ళ ఇల్లు, దాని మీద డాబా లేచాయి. గదుల మధ్యలో సిమెంటు వాకిలి. ఒక గదిలో నేను, నా భర్త, రెండో తరగతి చదివే మా బిడ్డ. నా భర్తకు ఇనుప కడ్డీల మిల్లులో పని. నేను మందుల కంపెనీలో మాత్రలు డబ్బాలకెక్కించేదాన్ని. పక్క గదిలో కోస్తా నుంచి వచ్చిన ఆలుమగలు. ఆమెను నేను వదినా అనేదాన్ని, ఆమె కూడా నన్ను అలాగే పిలిచేది. మిగిలిన గదుల్లో ఒడిశా సంసారాలు రెండు, బీహార్ కుర్రాళ్ళు, ఇంకా ఒకరిద్దరు మావైపు వాళ్ళు.

దీపావళి దగ్గర పడితే నల్లా దగ్గర ఒకటే ముచ్చట, ఈసారి పటాకులకు ఎవరెంత పెడుతున్నారని. బీహార్ కుర్రాళ్ళు సెలవు దొరక్క ఊరికి పోలేకపోతే టికెట్ డబ్బులన్నీ బాంబులకు పెట్టేవాళ్ళు. వదిన భర్త వెయ్యి రూపాయల దగ్గర గీత గీసేవాడు, ఆ గీత దాటనిచ్చేవాడు కాదు. మాది బోనస్‌ను బట్టి. బోనస్ పడితే నాలుగు చిచ్చుబుడ్లు, పడకపోతే పిల్లకు మేము సుర్‌సుర్ బత్తులనే కాకరపువ్వొత్తుల పెట్టె ఒకటి, ఒక పాముబిళ్ళల డబ్బా. పైసలు తగలబెట్టుడేనా అని నా భర్త ఏటా గొణిగేవాడు. ఏడాదంతా కడుపుకు, కిరాయికి పెడుతున్నాం కదా, ఒక్క సాయంత్రం కంటికి పెట్టుకుంటే తప్పా అని నేనూ ఏటా అనేదాన్ని.

మేము ఆ గదిలో చేరిన మూడో ఏడాది, దసరా అయిన వారానికి యజమాని కిందికి దిగొచ్చాడు. వాకిట్లో కుర్చీ వేయించుకుని అందరినీ పిలిచాడు.

“సూడుండ్రి, ఒక్కొక్కలు ఒక్కోతీరు కాలిస్తే ఆరేసిన బట్టలు కాలిపోతయి. గ్యాస్ బండలున్నయి. గందుకే అందరం కలిసి కాలుద్దాం. గదికి ఐదొందలు ఇయ్యండ్రి. నేనూ కొన్ని కలుపుత. మంచి మాల్ తెస్త.”

మంచి మాటే అనిపించింది. ఒక్కరం కొంటే రెండు పెట్టెలు వస్తాయి, అందరం కలిస్తే పెద్ద అట్టపెట్టె నిండా వస్తాయి కదా అనుకున్నాం. అందరం ఇచ్చాం. ఎవరూ విడిగా ఏమీ కొనుక్కోలేదు.

పండుగ రోజు పొద్దుగూకగానే ఆయన కూతుళ్ళు, అల్లుళ్ళు పట్నం నుంచి కారులో దిగారు. పెద్ద అట్టపెట్టె మా గుమ్మాల ముందు నుంచే మెట్లెక్కి డాబా మీదికి పోయింది. కాసేపటికి పైన మొదటి రాకెట్ లేచింది. పిల్లలంతా కేకలేసుకుంటూ మెట్ల మీదికి ఉరికారు. ఆయన భార్య మెట్ల పైన నిలబడి చెయ్యి అడ్డం పెట్టింది.

“చుట్టాలున్నరు, మీద జాగ లేదు. కిందికెల్లి ఇంకా మంచిగ కనబడతది, పోండ్రి.”

పిల్లలు దిగి వచ్చారు. కొత్త బట్టలతో వాకిట్లో వరసగా నిలబడి తలలు పైకెత్తారు. డాబా అంచు మీద నుంచి అల్లుళ్ళ నవ్వులు వినబడుతున్నాయి. కాలిన కాగితాలు, పుల్లలు మా మీద పడుతున్నాయి.

మా బిడ్డ నా కొంగు పట్టుకుని అడిగింది. “అమ్మా, మన పటాకులేవి?”

“అగో, మీద పేలుతున్నయి గదా.”

“గందుల మనది ఏది?”

ఎర్రగా విచ్చుకున్న ఒకదాన్ని చూపించాను. ఆమె తల తిప్పేలోపే అది ఆరిపోయింది.

పిల్లల చేతికి కనీసం ఒక్కో కాకరపువ్వొత్తి అయినా దొరుకుతుందేమోనని నేను మెట్ల దగ్గరికి పోయి అడిగాను. యజమాని పై మెట్టు మీద నుంచే నవ్వాడు. “అన్నీ కాలిపోయినయి బిడ్డా. సూసిండ్రు గదా! ఆకాశంల పేలినయి అందరియి.”

మర్నాడు నాకు మొదటి షిఫ్టు. చీకటితో లేచి నీళ్ళు పట్టుకుంటుంటే ఆయన దిగి వచ్చాడు. వాకిలంతా ఎర్ర కాగితాలు, బూడిద. “మీ పటాకులే గదా, జెర మీరే ఊడ్వండ్రి” అని చీపురు నా గుమ్మానికి ఆనించి పోయాడు. అలా ఆనించడం చూశాక నా ఒళ్ళు మండింది. అయినా ఊడ్చాను. వదిన కూడా ఒక మూల ఊడ్చింది. ఖాళీ అట్టపెట్టె చెత్తలో వేయబోతుంటే అడుగున దుకాణం బిల్లు దొరికింది. సరిగ్గా నాలుగు వేలు. ఎనిమిది గదులు, ఐదేసి వందలు. ఆయన కలుపుతానన్న దాంట్లో ఒక్క రూపాయి కూడా లేదు.

బిల్లు చూపిస్తే నా భర్త చేతులు కడుక్కుంటూ అన్నాడు, “ఐదొందలే గదా, పోనీ.”

“పైసల సంగతి ఇడిసిపెట్టు. పిల్లలను మెట్ల మీదికెల్లి ఎల్లగొట్టి, మల్ల మనతోనే ఊడిపిచ్చిండు.”

“ఏం చేస్తవ్ మరి? ఓనర్‌తోని లొల్లి పెట్టుకుంటవా?”

ఆ రోజు లొల్లి పెట్టుకోలేదు. బిల్లు మడిచి నా కంపెనీ గుర్తింపు కార్డు వెనక పెట్టుకున్నాను. ఏడాది పొడుగునా షిఫ్టుకు పోయేటప్పుడు గేటు దగ్గర ఆ కార్డు తీసిన ప్రతిసారీ బిల్లు అంచు కనబడేది. కోపం చల్లారుతుందని అంటారు. నాది చల్లారకుండా చూసుకున్నాను.

ఆ ఏడాదంతా యజమానితో నా అంత మంచిగా ఎవరూ ఉండలేదు. కిరాయి ఒకటో తారీఖే ఇచ్చేదాన్ని. బతుకమ్మకు సద్దులు చేస్తే ఒక గిన్నె పైకి పంపేదాన్ని. మళ్ళీ దసరా అయింది, మళ్ళీ కుర్చీ పడింది. ఈసారి గదికి ఏడు వందలన్నాడు, ధరలు పెరిగాయట. నేను లేచి నిలబడ్డాను.

“సార్, మీకు మోకాళ్ళ నొప్పులు. పటాన్‌చెరు దాకా మీరెందుకు తిరుగుడు? మా కంపెనీల ఒకాయన పటాకుల దుకాణం పెడుతుండు. నేను పోతే సగం ధరకే ఇస్తడు.”

అలాంటి మనిషి ఎవరూ లేడు. కానీ సగం ధర అనగానే ఆయన ముఖం విప్పారింది. “మంచిది బిడ్డా. మంచి రాకెట్లు సూడు, నా అల్లుళ్ళకు గవ్వే ఇష్టం” అని, వసూలైన డబ్బులు నా చేతిలోనే పెట్టాడు. ఈసారీ తన జేబులో చెయ్యి పెట్టలేదు. అందుకోసమే నేను చూస్తున్నాను. ఆయన ఒక్క వంద కలిపినా నా చేతులు కట్టేసినట్టయ్యేది.

వదినను తోడు తీసుకుని షేర్ ఆటోలో పటాన్‌చెరు పోయాను. మైదానంలో రేకుల దుకాణాలు వరసగా ఉన్నాయి. దుకాణం అతను పెద్ద మొత్తం వినగానే రాకెట్ల కట్టలు, పైకి పోయి విచ్చుకునే గొట్టాలు తీసి పరిచాడు.

“మీదికి పోయేది ఒక్కటి గూడ వద్దు,” అన్నాను. “భూచక్రాలు, చిచ్చుబుడ్లు, సుర్‌సుర్ బత్తులు, పాముబిళ్ళలు. నేల మీద తిరగాలె, నేల మీదనే కాలాలె.”

అతను వింతగా చూశాడు. “ఇన్ని పైసలకు అన్నీ కిందివేనా అక్కా?”

“అన్నీ కిందియే.”

అప్పుడు వదినకు అర్థమైంది. తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఆమె చేతులు నలుపుకుంటూనే ఉంది. “ఎందుకొచ్చిన గొడవ వదినా? ఆయన ఊరుకోడు. మాకు ఈ గది దొరకడమే కష్టమైంది” అంది. “పైసలు మనయే గదా వదినా” అన్నాను. ఇంటికొచ్చాక మాత్రం ఆమె నాతో పాటు తలుపేసుకుని కూర్చుని సరుకంతా ఎనిమిది సంచుల్లోకి పంచింది. ఒడిశా వాళ్ళ సంచుల్లో పిల్లలున్నారని ఒక్కో పెట్టె ఎక్కువ వేసింది కూడా ఆమే.

పండుగనాడు మధ్యాహ్నం యజమాని పైనుంచి కేకేశాడు. “బిడ్డా, పటాకులు మీదికి పంపియ్యి.”

“ఎండకు పెట్టిన సార్. పొద్దుగూకనీయండ్రి.”

అది కూడా అబద్ధమే. సంచులు అప్పటికే ఎవరి గదుల్లో వాళ్ళకు చేరాయి. బీహార్ కుర్రాళ్ళకు ఇచ్చేటప్పుడు “అప్నా హీ హై, నీచే జలావ్” అన్నాను, మనవే, కిందనే కాల్చండని. వాళ్ళలో పెద్దవాడు పైకి చూసి, నా వైపు చూసి పకపక నవ్వాడు.

దీపాలు పెట్టాక కారు వచ్చింది. కూతుళ్ళు పట్టుచీరలతో, అల్లుళ్ళు ఫోన్లు పట్టుకుని డాబా ఎక్కారు. పైన కుర్చీలు జరిపిన చప్పుడు వినబడింది. అప్పుడు మా బిడ్డకు కాకరపువ్వొత్తి వెలిగించి ఇచ్చి, మొదటి చిచ్చుబుడ్డి నేనే అంటించాను. ఆ వెంటనే ఎనిమిది గుమ్మాల ముందూ వెలుగు లేచింది. భూచక్రాలు సిమెంటు మీద గిర్రున తిరుగుతూ పిల్లల కాళ్ళ దగ్గరికి వస్తే వాళ్ళు ఎగిరి దూకుతున్నారు. పోయినేడు తలెత్తి నిలబడ్డ పిల్లల్లో ఒక్కరు కూడా ఆ రోజు పైకి చూడలేదు. వదిన భర్త, వెయ్యి దాటనివ్వని మనిషి, రెండు చేతులా మతాబులు పట్టుకుని ఊపుతున్నాడు.

పొగంతా నేరుగా డాబా మీదికి పోతోంది. పైన దగ్గులు మొదలయ్యాయి. ఆ దగ్గులు నాకు చెవులకు ఎంత ఇంపుగా ఉన్నాయో చెప్పలేను.

యజమాని పిట్టగోడ మీద నుంచి వంగాడు. “ఏమ్మా, రాకెట్లేవి?”

ఆ రోజు ‘బిడ్డా’ పోయి ‘ఏమ్మా’ వచ్చింది.

“రాకెట్లు తేలే సార్. ఇయ్యే తెచ్చిన.”

“మరి మాకో?”

“మీదికెల్లి మంచిగ కనబడుతలేవా సార్? సూడుండ్రి. నేల మీద పేలినయి గూడ అందరియే.”

వాకిట్లో ఎవరో ఈల వేశారు. ఒక అల్లుడు కూడా ఆపుకోలేక నవ్వాడు. యజమాని ముఖం పొగలో సరిగ్గా కనబడలేదు, అదొక్కటే నాకు లోటు. నేను లోపలికి పోయి ఆ బిల్లు తెచ్చి చిచ్చుబుడ్డి నిప్పులో వేశాను.

అంతటితో ఆగితే నేను ఈ కథ ఇంకా గర్వంగా చెప్పుకునేదాన్ని. కాసేపటికి ఆయన మనవరాలు దిగి వచ్చింది. మా బిడ్డ కన్నా చిన్నది, పట్టు లంగా, కాళ్ళకు గజ్జెలు. చివరి మెట్టు మీద నిలబడి భూచక్రాలను చూసింది, చూసింది. చివరికి నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. “ఆంటీ, నాకొకటి ఇస్తవా?”

నా చేతిలో పెట్టె ఉంది. అందులో ఇంకా మూడు ఉన్నాయి.

“మీదికి పో. కిందికెల్లి మీదికి రాకూడదు, మీదికెల్లి కిందికి రాకూడదు. మీ అమ్మమ్మను అడుగు” అన్నాను.

ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు. మెల్లగా మెట్లెక్కిపోయింది. మా బిడ్డ నా వైపు చూసింది. తన చేతిలోది ఇవ్వడానికి ఒక అడుగు వేసింది కూడా. నేను జబ్బ పట్టి ఆపాను. ఆ రోజు నేను చేసిన వాటిలో ఇదొక్కటే నాకు మింగుడు పడనిది. మిగతాదంతా మళ్ళీ చేయమంటే మళ్ళీ చేస్తాను.

మర్నాడు వాకిలి ఊడ్వమని ఎవరూ చెప్పలేదు, మేమే నవ్వుకుంటూ ఊడ్చుకున్నాం. ఆ మర్నాటి నుంచి పొద్దున మోటారు ఆగిపోయింది. అడిగితే కాలిపోయిందన్నారు. పైన మాత్రం బట్టలుతికిన నీళ్ళు తూములో పారుతూనే ఉన్నాయి. మొదటి షిఫ్టుకు పోయేవాళ్ళం బిందెలు పట్టుకుని సందు చివరి బోరింగుకు నడిచాం. మూడో రోజుకు ఒడిశా ఆడవాళ్ళు నాతో మాట్లాడడం మానేశారు. పండుగనాడు ఈల వేసిన కుర్రాడు కూడా బిందె నింపుకుంటూ ముఖం తిప్పుకున్నాడు. వాళ్ళ తప్పు లేదు. నా పగకు వాళ్ళు నీళ్ళు మోస్తున్నారు.

ఆ సాయంత్రం యజమాని నన్ను కాదని నా భర్తను పిలిచాడు. “నీ భార్యను జెర అదుపుల పెట్టుకో. గిట్లైతే ఉండుడు కష్టం” అన్నాడు. నా భర్త మూడు రోజులుగా నన్ను సతాయిస్తూనే ఉన్నాడు, పటాకుల కోసం గూడు పోగొడుతున్నావని. యజమాని ముందు చేతులు కట్టుకుంటాడనుకుంటూనే నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

“అదుపుల పెట్టుడేంది సార్? ఆమె తప్పేం చేసింది? నెల కాంగనే ఖాళీ చేస్తం. రేపటికెల్లి నీళ్ళు ఇడువుండ్రి” అన్నాడు.

లోపలికి వచ్చి నా మీద మళ్ళీ అరిచాడు. ఆ అరుపులు నాకు బరువనిపించలేదు. మర్నాడు మోటారు బాగైపోయింది.

ఖాళీ చేసే రోజు యజమాని గది చూడ్డానికి వచ్చాడు. గుమ్మం పక్క గోడ మీద చిచ్చుబుడ్ల మసి పట్టి ఉంది. సున్నం ఖర్చని అడ్వాన్సులో వెయ్యి కోసుకున్నాడు. నేను మిగిలింది తీసుకుని అన్నాను, “ఇగ గా మసి నాది సార్. పైసలు ఇచ్చిన గదా, తుడవకుండ్రి.” ట్రాలీ ఆటోలో మంచం, బీరువా ఎక్కించి చిట్కుల్ వచ్చేశాం. ఇక్కడ గది చిన్నది, మిల్లు నా భర్తకు ఇంకాస్త దూరం.

మొన్న ఇస్నాపూర్ సంతలో వదిన కలిసింది. వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. ఇప్పుడు చందా ఏమీ లేదట, ఎవరి పటాకులు వాళ్ళు కొనుక్కుని ఎవరి గుమ్మం ముందు వాళ్ళు కాల్చుకుంటున్నారట. యజమాని మాత్రం కరెంటు మీటరు మీద యూనిట్‌కు రెండు రూపాయలు ఎక్కువేస్తున్నాడట.

“అంతా నీ పుణ్యమే వదినా” అంది టమాటాలు ఏరుకుంటూ.

అది మెచ్చుకోలో తిట్టో నేను అడగలేదు. ఇద్దరం బేరమాడి చెరో కిలో తీసుకున్నాం.