చిల్లగింజ తేర్చిన నీళ్లు

మా చిన్నతనంలో... మా జాలరిపేట రేవుకు సరిగ్గా ఎగువనే ఊరి మురుగు కాలువ గోదాట్లో పడేది. దాన్ని దిగువకు తిప్పించమని మా నాన్న అడగబోతే ఊరిపెద్ద ఒకాయన, "చేపల కంపులో పుట్టినోడివి, నీకు కాలవ కంపు తెలుస్తుందేంట్రా" అన్నాడు. నాన్న తలవంచుకుని వచ్చేశాడు. నేను పక్కనే ఉన్నాను... నలభై ఏళ్లు ఆ మాట నాకు అరగలేదు.

వరదకు ఎర్రనీరు వచ్చిందంటే అమ్మ కుండ లోపల చిల్లగింజ అరగదీసేది. బురదంతా అడుగుకు దిగి, పూట తిరిగేసరికి నీళ్లు అద్దంలా తేరేవి. ఆ తేట చూసి నమ్మేవాళ్లం... ఆ తేట నీళ్లు తాగే మా చెల్లి వాంతులు పట్టుకుని రెండు రోజుల్లో పోయింది.

నేను గుణింతాల దగ్గరే బడి మానేసినవాణ్ణి. అయినా పేటవాళ్లు నన్నే కౌన్సిలు మెంబరును చేశారు. మొదటి మీటింగులోనే కాలువ మాట ఎత్తాను.

"ఆ రేవు నీళ్లు తేటగానే ఉన్నాయని రిపోర్టు వచ్చిందండి" అన్నారు చైర్మన్ గారు.

మరుసటి మీటింగుకు మా రేవు నీళ్లు చిల్లగింజతో తేర్చి, ఇత్తడి చెంబులో పట్టుకెళ్లి బల్ల మీద పెట్టాను.

"తేటగా ఉన్నాయాండి?"

"ఉన్నాయండి."

"అయితే తలో గుక్క పుచ్చుకోండి."

వకీలు గారొకరు ముఖం చిట్లించారు. "మీటింగులో ఈ మోటు పనులేంటండి?"

"మా ఆడోళ్లు రోజూ తాగేవేనండి. మీలో ఒక్కరు తాగండి చాలు... రేపే మెంబరుగిరీ మీ మొహాన పడేసి వల పట్టుకుంటాను."

చెంబు బల్ల చుట్టూ తిరిగి నా దగ్గరకే వచ్చింది. ఒక్క పెదవీ తగల్లేదు. చైర్మన్ గారు కళ్లజోడు తుడుచుకుని, "తిప్పిద్దాం లెండి" అన్నారు.

ఆ వేసవిలోనే రేవులన్నీ దాటించి దిగువకు కొత్త కాలువ తవ్వించాను. కోటు విప్పి మొదటి తట్ట మట్టి నేనే ఎత్తాను... నాన్న పేరు చెప్పి మరీ ఎత్తాను.

ఇప్పుడు మా మనవరాళ్లు బిందె ముంచేముందు నీళ్ల వాసన చూడరు. మేం చూసేవాళ్లమంటే నవ్వుతారు. నవ్వనీ... అమ్మ, చెల్లి ఉండి ఆ నవ్వు వింటే బాగుండును.

మరి మీ రేవుల సంగతేంటి? మీ ఊరి మురుగు ఎవరి బిందెలో పడుతోంది? మీ మెంబర్ల చొక్కా పట్టుకుని అడిగి, ఏమన్నారో నాకు రాయండి. ఏరువాక పున్నమి నాటికి జవాబు రావాలి... అది దాటితే ఎర్రనీరు వచ్చేస్తుంది.