బావకు రాని జబ్బు లేదు

మీకు ఏ జబ్బైనా రానివ్వండి, అది బావకు ముందే వచ్చి ఉంటుంది. మీకంటే గట్టిగా వచ్చి, శుభ్రంగా మానిపోయి కూడా ఉంటుంది. ఎప్పుడొచ్చిందని అడిగితే మాత్రం ఒకటే జవాబు: "పెళ్ళికి ముందు."

బావ బోర్డులు రాసే పెయింటరు. ఊళ్లో సగం దుకాణాల పేర్లు ఆయన చేతివే. ప్రతి అక్షరానికీ కుడిపక్కన సన్నగా నీడ వేస్తే తప్ప ఆయనకు తృప్తి ఉండదు. బావమరిది సిటీ బస్సు డ్రైవరు. పదహారేళ్లుగా ఆ బోర్డుల మధ్యనుంచే బస్సు తోలుతున్నాడు, ఆ జబ్బుల కథలూ వింటున్నాడు. ఎవరైనా పన్ను నొప్పంటే బావకు రెండు వైపులా వచ్చింది. ఎవరికైనా చెయ్యి విరిగితే బావకు రెండు చోట్ల విరిగింది. కామెర్లు, టైఫాయిడు, కంట్లో పువ్వు అన్నీ కలిపి లెక్కేస్తే, పెళ్ళికి ముందు బావ బతికిన ఇరవై ఆరేళ్లలో ఇరవై ఏడేళ్లు మంచంలోనే గడిచి ఉండాలి.

అలాంటిది, గుండె ఆపరేషన్ డ్రైవరుకు అయింది. ఛాతీ మధ్యలో నిలువుగా కోసి, కాల్లోంచి నరం తీసి గుండెకు అతికించి, ఆరు వారాల్లో మామూలు మనిషివవుతావని పంపేశారు. తనుండేది మూడో అంతస్తు కాబట్టి అక్కా బావల ఇంట్లో ముందు గదిలో దిగాడు. బావ రోజూ పొద్దున్నే ఎక్కడికో వెళ్లి, పదకొండింటికి వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకునేవాడు.

"దగ్గొచ్చినప్పుడు దిండు వాటేసుకుంటున్నావా?"

"నీకెలా తెలుసు?"

"నాకూ చేశారుగా."

"గుండె ఆపరేషనా! ఎప్పుడు?"

"పెళ్ళికి ముందు. నీకు ఒక కాలే కోశారు, నాకు రెండూ."

అక్క వంటింట్లోంచి, "నేనెక్కడ చూశానూ, పెళ్ళికి ముందు సంగతి కదా!" అంది.

డ్రైవరు పాదం బూరెలా వాచింది. బావకు మోకాలి దాకా వాచిందట, దిండు మీద ఎత్తి పెడితే తీసిందట. నోటికి రుచి పోయింది. బావకు నెల్లాళ్లు పోయిందట. ఒక రోజు టీవీలో సబ్బు ప్రకటన చూస్తూ డ్రైవరు వెక్కి వెక్కి ఏడ్చాడు. సిగ్గుతో చచ్చిపోతుంటే, "నేను వాతావరణ సమాచారానికే ఏడ్చానురా" అన్నాడు బావ. ఊపిరి కసరత్తుకని ఆస్పత్రివాళ్లిచ్చిన మూడు బంతుల గొట్టం పట్టుకుని గాలి పీలిస్తే ఒక్క బంతి కూడా లేవకపోతే, "నాకు పది రోజులు లేవలేదు, పదకొండో రోజున లేచింది, పీల్చు" అన్నాడు. డ్రైవరుకు ఒళ్లు మండేది. మండినా పీల్చేవాడు.

ఐదో వారంలో కోత కింది భాగం విచ్చుకుని చీము పట్టింది. రేపే వచ్చి చేరమన్నాడు డాక్టరు, మళ్లీ విప్పి శుభ్రం చేసి కుట్టాలన్నాడు. ఆలస్యమైతే చీము ఎముకకు పాకుతుందన్నాడు. ఇంటికొచ్చాక డ్రైవరు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"నేను వెళ్లను. నా వల్ల కాదు. ఏమైతే అదవుతుంది."

అక్క బతిమాలింది, తిట్టింది, చివరికి ఏడ్చింది. బావ కుర్చీ దగ్గరగా జరుపుకున్నాడు.

"నాకు రెండుసార్లు విప్పి కుట్టారు."

డ్రైవరు దిగ్గున ఇటు తిరిగాడు. "అయితే చొక్కా విప్పు బావా. మచ్చ చూపించు. చూపిస్తే రేపు నోరెత్తకుండా వస్తాను."

బావ ముఖంలో నెత్తురుచుక్క లేదు. "ఇప్పుడా? చలిగా ఉంది."

"ఫ్యాను ఆపిస్తాను."

"సాయంత్రం... సాయంత్రం తప్పకుండా చూపిస్తాను" అంటూ గబగబా వెళ్లిపోయాడు.

సాయంత్రం వచ్చి ధీమాగా గుండీలు విప్పాడు. మచ్చ ఉంది! మెడ కిందనుంచి నిలువుగా, గులాబీ గోధుమ రంగులో, అడ్డంగా కుట్ల గుర్తులు స్కేలు పెట్టి గీసినంత వరసగా ఉన్నాయి. గది నిండా టర్పెంటైన్ వాసన. డ్రైవరు ముందు నిజంగానే జడిసిపోయాడు. తర్వాత కళ్లు చికిలించాడు.

"బావా, మచ్చకు కుడిపక్కన ఆ నీడేమిటి?"

బావ కిందికి చూసుకున్నాడు. చెయ్యి అలవాటు కొద్దీ వేసేసింది!

డ్రైవరు దిండు వాటేసుకుని నవ్వాడు. నొప్పికి అబ్బా అంటూనే, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. అక్క గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడింది. "ఈ మనిషి పెళ్ళయ్యాక ఒక్క మాత్ర మింగలేదు. ముందూ మింగలేదని మా అత్తగారే చెప్పింది. పొద్దున్నే ఆ ఆస్పత్రి బెంచీ మీద ఏం చేస్తున్నారో అడుగు!"

బావ తలొంచుకుని గుండీలు పెట్టుకున్నాడు. "చెప్పినవన్నీ నిజాలేరా. నాకు జరగలేదంతే. చెకప్‌కి వచ్చినవాళ్లను అడిగి తెచ్చాను. రెండుసార్లు విప్పి కుట్టింది ఒక తాపీమేస్త్రీకి. ఇప్పుడు ఇటుకలు మోస్తున్నాడు."

"మాననివాళ్లు కూడా కనపడి ఉంటారే?"

"కనపడ్డారు. వాళ్లవి నేను తేలేదు." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మంచంలో ఉన్నవాడికి ఇది నా ఒక్కడికే వచ్చిందనిపిస్తే బెంగ పెట్టుకుంటాడురా. ముందు వెళ్లొచ్చినవాడు ఒకడుండాలి."

డ్రైవరుకు బావ మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. అది చెప్పడం చేతకాక, "అక్కా, రేపటికి సంచీ సర్దు" అన్నాడు.

విప్పారు, కడిగారు, కుట్టారు. ఈసారి కోత బుద్ధిగా మానింది. వారం తర్వాత ఇంటికొచ్చి చూస్తే, బావ చొక్కా కింద చెయ్యి పెట్టి ఆపకుండా గోక్కుంటున్నాడు. పెయింటుకూ, దాన్ని తుడిచిన టర్పెంటైన్‌కూ ఛాతీ అంతా ఎర్రగా పొక్కిపోయింది.

"ఏం బావా, దురదా? డాక్టరుకు చూపిద్దామా?"

"నాకా?" అన్నాడు బావ, అటు తిరిగి గోక్కుంటూ. "నాకేం జబ్బురా, గుండ్రాయిలా ఉంటేనూ!"