స్లోప్‌తో రాస్తే సున్నా

2023 చలికాలం. దేశ రాజధానిలో, మయూర్ విహార్‌లోని మా ఫ్లాట్‌లోనే లెక్కల ట్యూషన్ మొదలుపెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు. పదో తరగతి చదివే నిఖిల, బోర్డు పరీక్షలకు ముందు స్కూల్లో జరిపే మొదటి ప్రీబోర్డ్ పేపరు నా ముందు పెట్టి, "ఆంటీ, ఇందులో గలత్ క్యా హై? ఏం తప్పు చేశాను?" అంది.

ప్రశ్న చిన్నదే. 2x + 3y = 6, 4x + 6y = 24, ఈ రెండు రేఖలూ సమాంతరమా? నిఖిల రెండింటినీ y = mx + c రూపంలోకి మార్చింది. ఇందులో m అంటే స్లోప్, రేఖ వాలు. రెండింటికీ వాలు −2/3. ఒకటి y అక్షాన్ని 2 దగ్గర, ఇంకోటి 4 దగ్గర దాటుతుంది. వాలు ఒకటే, దాటే చోట్లు వేరు, కాబట్టి ఎన్నటికీ కలవవు. ముచ్చటైన జవాబు. దాని మీద ఎర్ర సిరా గీత, పక్కన సున్నా, 'రేషియోలతో చెయ్యి' అని ఆజ్ఞ, అంటే రెండు సమీకరణాల్లోని అంకెల నిష్పత్తులు పోల్చమని.

ఆ ప్రశ్నకున్న మూడు మార్కులూ పోయి మొత్తం యాభై ఎనిమిది వచ్చాయి. ఆ స్కూల్లో ప్రీబోర్డ్‌లో అరవై లేకపోతే పదకొండులో మ్యాథ్స్ ఇవ్వరు. ఆ పిల్లకేమో లెక్కలంటే ప్రాణం. నాకు ఒళ్లు మండిపోయింది.

పేరెంట్స్ మీటింగ్‌కి వాళ్లమ్మతో పాటు నేనూ వెళ్లాను.

"జవాబు తప్పా మేడమ్?" అని వాళ్ల లెక్కల టీచరుని అడిగాను.

"ఆన్సర్ సహీ హై జీ. కానీ స్లోప్ ఎలెవెన్త్ క్లాస్ చాప్టర్. మార్కింగ్ స్కీమ్‌లో లేదు."

మార్కింగ్ స్కీమ్ అంటే ఏ మెట్టుకు ఎన్ని మార్కులో రాసుకున్న కాగితం.

"మీ రేషియోల సూత్రం ఆకాశం నుంచి ఊడిపడిందా? రెండు వాలులూ సమానమని రాసి అటూ ఇటూ మారిస్తే వచ్చేదే కదా అది!"

"వో తో ముఝే పతా హై," అని నవ్వింది టీచరు.

తెలిసే కొట్టేసింది! తెలియక కొట్టేసుంటే చెప్పి ఊరుకునేదాన్ని. ప్రిన్సిపాల్ గదిలో గంటసేపు కూర్చుని, వాదించి, మూడు మార్కులూ వేయించుకునే లేచాం. అరవై ఒకటి. గెలిచామని సంబరపడ్డాను.

నెల తిరక్కుండా రెండో ప్రీబోర్డ్. అలాంటి ప్రశ్నే. నిఖిల రేషియోలతో చేసింది, పూర్తి మార్కులు వచ్చాయి. మార్జిన్‌లో మాత్రం పెన్సిల్‌తో రాసి రబ్బరుతో చెరిపేసిన వాలు లీలగా కనిపించింది.

"ఎందుకమ్మా చెరిపేశావు?"

"సేఫ్ రెహనా హై నా, ఆంటీ. మళ్లీ మార్కులు పోకూడదు కదా."

మార్కులు రాబట్టాను గానీ ఆ పిల్ల ధైర్యం తిరిగి తేలేకపోయాను. ఇప్పుడు ఎవరు పేపరు చేతికిచ్చినా ముందు చెరిపేసిన చోటే చూస్తాను.