పరగడుపు డాక్టరమ్మ

తొంభై ఆరులో ఆత్మకూరు బస్టాండు వెనక సందులో ఏంజెలిన్ బోర్డు పెట్టింది: ‘డాక్టర్ ఏంజెలిన్, ప్రకృతి వైద్యశాల’. సొంతూరు ఉదయగిరి. తండ్రి కొండలయ్య మిషన్ బడిలో అయ్యవారు. హైదరాబాదులో ప్రకృతి వైద్యం కాలేజీలో ఏళ్ళ తరబడి ఉండి, శవాన్ని కోసి నరాలూ ఎముకలూ చదివి, ఆస్పత్రిలో శిక్షణ ముగించి, డాక్టరుగా పేరు నమోదు చేయించుకుని వచ్చింది. ఎన్ని చేస్తే ఏం లాభం? మన జనానికి సూది కావాలి. సూది వెయ్యని మనిషి డాక్టరెట్లా అవుతుంది?

సూదిని మించిన చిక్కు ఇంకొకటుంది. ఖాళీ కడుపుతో సూది వేయించుకుంటే కళ్ళు తిరిగి పడిపోతామని ఈ చుట్టుపక్కల గట్టి నమ్మకం. అందుకని కడుపునిండా సద్దన్నం తిని, అది చాలదన్నట్టు బస్టాండులో దోసెలు కూడా లాగించి వచ్చేవాళ్ళు. పొట్ట మీద తడిమట్టి పట్టీ వెయ్యాలంటే ఆ పొట్ట ఖాళీగా ఉండాలి కదా. అనంతసాగరం నుంచి ఆటోలో ఇరుక్కుని వచ్చినవాళ్ళను కూడా ఆమె “రేపు పరగడుపున రండి” అని తిప్పి పంపేది. వాళ్ళు మళ్ళీ ఆ గడప తొక్కితే ఒట్టు.

కూతురు ఈగలు తోలుకుంటోందని విని కొండలయ్య పరుగున వచ్చాడు.

“ఒక్క బలం సూది వెయ్యమ్మా, జనం నిలబడతారు. ఎవురికి తెలస్తాది?”

“నాకు తెలస్తాది నాయనా. అది నా చదువు కాదు.”

ఆయనకు కోపమూ వచ్చింది, గర్వమూ కలిగింది. రెండూ దిగమింగి బస్సెక్కాడు.

ఇంటి యజమాని ఆదిశేషమ్మకు పుల్లతేన్పులు, కడుపుబ్బరం. ఒకరోజు ఆమె ఉప్మా తిని వచ్చి చెయ్యి చాపింది.

“ఒక సూది పొడువు.”

“నేను సూది వెయ్యనమ్మా. రేపు తెల్లారి ఏమీ తినకుండా రండి, మట్టి పట్టీ వేస్తాను.”

“సూది వెయ్యనిదానివి డాక్టరని రాసుకునేదేంది? రేపటికి ఆ మాట చెరిపెయ్యి. లేదంటే ఇల్లు ఖాళీ చెయ్యి.”

“ఇల్లు కావాలంటే ఖాళీ చేస్తానమ్మా. ఆ మాట మాత్రం చెరపను.”

అనేసింది గానీ, ఆ బోర్డును ఇంకే ఊళ్ళో తగిలిస్తుంది? ఏంజెలిన్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. అయినా మర్నాడు తెల్లవారకముందే లేచి, పుట్టమన్ను తడిపి, గుడ్డలో పరిచి, తలుపు తీసి కూర్చుంది.

పాలవాడి కంటే ముందు ఆదిశేషమ్మ వచ్చింది. మొహం ఇంకా ముడుచుకునే ఉంది. ఒకసారి బోర్డు వైపు చూసి, లోపలికొచ్చి బల్ల మీద పడుకుంది.

“కాఫీ గూడా తాగలా, డాక్టరమ్మా. ఇంక కానియ్యి.”