మస్కట్ లైసెన్సు మీద కుంకం బొట్టు

మహర్నవమి, బుధవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. మా గోడ గడియారం రెండుంపావు చూపించింది. అది ఐదు నిమిషాలు ముందు నడుస్తుంది, ఆ ఐదూ తీసేసి చెబుతున్నాను. ఆ రోజే నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను కాబట్టి టైము విషయంలో నాతో ఎవరూ వాదించక్కర్లేదు.

దయ్యాలన్నా భూతాలన్నా నాకు నమ్మకం లేదు. ముప్పై ఏళ్లు గంప నెత్తిన పెట్టుకుని శ్మశానం పక్క నుంచే రేవుకి నడిచాను. అక్కడ నాకు కనబడినవి కుక్కలు. ఒకసారి మాత్రం తాగి పడుకున్న మా పెదనాన్న కొడుకు. ఎవరికైనా గాలి సోకింది, ధూళి తగిలింది అంటే ముందు సూది వేయించుకోమని చెప్పే మనిషిని నేను. ఇది చదివాక కూడా నా గురించి అలాగే అనుకోండి.

నాకు అక్షరాలు వచ్చింది యాభై రెండో ఏట. మా పక్కింటి మేరీ టీచరు గారు రిటైరయ్యాక సాయంత్రం పూట మా నలుగురు ఆడవాళ్లని కూర్చోబెట్టి నేర్పారు. ముగ్గురు మానేశారు, నేను మానలేదు. అంకెలు నాకు ముందే వచ్చు. చేపలమ్మే దానికి అంకెలు రాకపోతే ఎలా? ఇంగ్లీషు ఇప్పటికీ రాదు.

మాది దివిసీమలో కోడూరు పక్క తిప్ప. మా తమ్ముడు సాంబయ్య మస్కట్‌లో చేపల వ్యాను నడుపుతాడు. ఇక్కడున్నప్పుడు కూడా చేపల బండే, బందరుకీ గుడివాడకీ తోలేవాడు. మన లైసెన్సు అక్కడా చెల్లుతుందనుకుని వెళ్లాడు. చుట్టపుచూపుగా వెళ్లిన వాళ్లకి ఏదో పర్మిట్టు మీద కొన్నాళ్లు నడుస్తుందట గానీ, పనికి వెళ్లి అక్కడే ఉండేవాడు ఆ దేశం లైసెన్సు తీసుకోవాల్సిందేనట. ఇరవై ఏళ్లు బండి తోలినవాణ్ణి డ్రమ్ముల మధ్య వెనక్కి నడిపి చూపించమన్నారు. మూడుసార్లు తప్పాడు. "పోనీ వచ్చి మేరీ టీచరు గారి దగ్గర చేరరా" అన్నాను ఫోన్లో. వారం రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగోసారి వచ్చింది లైసెన్సు.

మొన్నటి దసరాకి ముందు నెల రోజులు సెలవు మీద వచ్చాడు. అన్నాల దగ్గర కూర్చుంటే అక్కడి పోలీసుల సంగతులే చెప్పేవాడు. ఆపితే బండి దిగకూడదట. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని కూర్చోవాలట. అద్దం దించి, సలాం చెప్పి, కార్డు ఇవ్వాలట. అంతకుమించి ఒక్క మాట మాట్లాడకూడదట.

"మరి పామర్రు సెంటర్లో ఆపితే పరిగెత్తుకుంటూ వెళ్లి, మావయ్యా చేపలు కుళ్లిపోతాయి, వదిలెయ్యి అనేవాడివి కదరా?" అన్నాను.

"అక్కడ మావయ్య లేడక్కా. కార్డే మావయ్య."

అప్పుడే ఇంకో సంగతి కూడా బయటపెట్టాడు. సెలవుకి రాకముందు, ఫోను చేత్తో పట్టుకుని నడుపుతూ దొరికాడట. ఇంకొక్కసారి తప్పు చేసి పోలీసులకి దొరికితే వీసా రద్దు చేసి విమానం ఎక్కిస్తామని కంపెనీ వాళ్లు చెప్పేశారట. వాడి భార్య నాగమణి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వాడు నవ్వుతూనే చెప్పాడు గానీ ఆ రోజు పెరుగన్నం తినకుండా లేచాడు.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను.

మా ఇళ్లల్లో నవమికి ఆయుధ పూజ చేస్తాం. ఏది అన్నం పెడుతుందో దాన్ని రెండు రోజుల ముందే కడిగి పీట మీద పెట్టాలి. పూజయ్యేదాకా దాన్ని వాడకూడదు. నా కాటా, కత్తిపీట, మా ఆయన బతికున్నప్పుడు వల అల్లిన సూది అలాగే పెడతాను. సాంబయ్య బండి మస్కట్‌లో ఉంది, దాన్ని తెచ్చి పసుపు రాయలేం కదా. వాడికి అన్నం పెట్టేది కార్డే అని వాడే అన్నాడు కాబట్టి, సప్తమి సాయంత్రం వాడు స్నానానికి వెళ్లినప్పుడు పర్సులోంచి ఆ లైసెన్సు తీసి పీట మీద, నా కాటా పక్కన పెట్టాను. అడిగితే ఇవ్వడని తెలుసు. మర్నాడు వాడు బయల్దేరేటప్పుడు పీట మీది నుంచి తీసి పర్సులో పెట్టేద్దాం, రెండు పూటలు అక్కడుంటే చాలు అనుకున్నాను.

మర్నాడు అష్టమి. అవనిగడ్డ బస్సు ముందుగా వచ్చేసింది. పచ్చళ్ల డబ్బాకి మూత బిగియలేదు. ఆ గోలలో కార్డు సంగతే మర్చిపోయాను. వాడు వెళ్లిపోయాడు.

నవమి రోజు పొద్దున బేరం మానలేదు నేను, అరువు కాటాతో అమ్మాను. పడవ వచ్చినప్పుడే మాకు తెల్లవారినట్టు. కాబట్టి పూజకి కూర్చునేసరికి మధ్యాహ్నం రెండయింది. దీపం పెట్టి, కాటాకి బొట్టు, కత్తిపీటకి బొట్టు, సూదికి బొట్టు పెట్టుకుంటూ వచ్చి, కార్డుకి కూడా ఉంగరపు వేలితో గుండ్రంగా బొట్టు పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది, అది వాడి పర్సులో ఉండాల్సిందని.

నాగమణి పక్కనే ఉంది. "వదినా, అది ఆయన మస్కట్ కార్డు కాదు కదా?"

అదేనని తలూపాను.

"పొద్దున దిగగానే మధ్యాహ్నం డ్యూటీ అన్నారు వదినా. ఇప్పుడు బండి మీద ఉంటారు. మీకు దణ్ణం పెడతాను, మీ పూజ మా ఆయన్ని ఇంటికి పంపించేసేలా ఉంది."

నన్ను ఎవరైనా ఒక మాటంటే రెండంటాను. ఆ రోజు పడ్డాను. తప్పు నాదే.

ఫోన్ చేశాం. రింగయింది, తియ్యలేదు. ఫోన్ ముట్టుకుంటే ఏమవుతుందో వాడికి తెలుసు కదా, తియ్యడు. నాగమణి ఏడుస్తూనే కార్డుని పీట మీద ఉండగానే ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. ఒకే టిక్కు పడింది. ఆ ఫొటో టైము రెండు గంటల ఎనిమిది నిమిషాలు. అందులో బొట్టు రూపాయి బిళ్లలా గుండ్రంగా ఉంది. ఇది గుర్తుంచుకోండి.

గోడ మీంచి మేరీ టీచరు గారిని పిలిచాను. అది అసలు కార్డేనా, పాతదేమైనా ఇక్కడ వదిలేశాడా అని నాకొక ఆశ. ఆవిడ పూజ దగ్గరికి రారు, కానీ నా మొహం చూసి వచ్చారు. కార్డుని రెండు అంచులూ పట్టుకుని లేపారు. కుంకం తగలకుండా అలాగే పట్టుకుంటారు ఆవిడ.

"అసలుదే ధనలక్ష్మీ. గడువు కూడా ఇంకా ఉంది" అన్నారు. నెంబరు ఒక్కో అంకె చదివారు. కనీసం నెంబరు పంపిస్తే పోలీసుకి చెప్పుకుంటాడేమోనని నేను నోటుబుక్కులో రాశాను. రాసి, తలెత్తి గడియారం చూసి, టైము కూడా వేశాను. ఆవిడ కార్డు మళ్లీ పీట మీద పెట్టేశారు. రెండూ పది.

అప్పుడు ఏమైంది అంటే, ఏమీ కాలేదు. దీపం రెపరెపలాడలేదు. కుక్క మొరగలేదు. పక్కవాళ్ల మిక్సీ తిరుగుతోంది, అంతే. ముగ్గురం ఇంటి గుమ్మం దగ్గరే ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాం. పీట వైపు ఎవరూ వెళ్లలేదు.

నాలుగు గంటలకి వాడే ఫోన్ చేశాడు. నాగమణి స్పీకరు పెట్టింది. వాడి గొంతు హుషారుగా ఉంది.

"అక్కా, నా కార్డుకి కుంకం బొట్టు పెట్టావా? ఆ పోలీసాయన వేలంతా ఎర్రగా అయిపోయింది. రక్తమేమో అనుకున్నాడు. పూజ, పూజ అని చెప్పేసరికి నా నోరు ఎండిపోయింది."

జరిగింది ఇది. పన్నెండూ నలభైకి, అంటే మనకి రెండూ పదికి, పెద్ద రోడ్డు మీద పోలీసు బండి వెనక నుంచి లైటు వేసింది. వీడు పక్కకి ఆపి, చేతులు స్టీరింగు మీద పెట్టుకుని కూర్చున్నాడు. పోలీసు వచ్చి కార్డు అడిగాడు. పర్సులోంచి తీసి ఇచ్చాడు. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు, బొటనవేలు చూసుకున్నాడు, అదేమిటని సైగ చేశాడు, తర్వాత కాగితం రుమాలుతో తుడుచుకున్నాడు. వ్యాను వెనక లైటు ఒకటి వెలగడం లేదని హెచ్చరిక చీటీ రాసి, కార్డుతో పాటు ఇచ్చి పొమ్మన్నాడు. లైటు తప్పు బండిది, డ్రైవరుది కాదు కాబట్టి కంపెనీ ఏమీ అనలేదు.

"ఒరే, కార్డు ఇక్కడ ఉందిరా" అన్నాను.

"ఏంటక్కా, ఎండకి నాకు పిచ్చెక్కాలి, నీకెక్కిందేంటి? నా పర్సులో ఉంది."

"తీసి చూడు."

తీశాడు. జిప్పులు లాగుతున్న చప్పుడు వినబడింది. తర్వాత బండి తలుపు తెరిచిన చప్పుడు. "షాజీ భాయ్, షాజీ భాయ్" అని ఎవర్నో పిలిచాడు. షాజీ అంటే బండిలో పక్కన కూర్చునే కేరళ మనిషి, ఐసు పెట్టెలు దించుతాడు, వీడికంటే పెద్దవాడు. ఇద్దరూ కలిసి సీట్ల కింద కూడా వెతికారట. కార్డు లేదు.

నాగమణి లేచి పీట దగ్గరికి వెళ్లింది. "వదినా, ఇలా రండి" అంది. అరవలేదు, చిన్నగా అంది.

కార్డు పెట్టిన చోటే ఉంది. బొట్టు మాత్రం గుండ్రంగా లేదు. బొటనవేలితో పక్కకి రాసినట్టు సాగిపోయి ఉంది. అందులో వేలి గీతలు కూడా కనబడుతున్నాయి.

నేనే తుడిచి ఉంటానని ముందు నన్నే అనుమానించాను. కానీ నా కుడి బొటనవేలు చివర లేదు, కత్తిపీటకి పోయి పదేళ్లయింది. ఎడమది పెట్టి చూశాను, నాగమణిది పెట్టి చూశాను. ఆ గుర్తు మా వేళ్లకి రెండింతలు వెడల్పుంది. మేరీ టీచరు గారు అంచులే పట్టుకున్నారని చెప్పాను కదా.

ఆ సాయంత్రమే సాంబయ్య చీటీ ఫొటో పంపాడు. లైసెన్సు నెంబరు నా నోటుబుక్కులో ఉన్నదే, ఒక్క అంకె తేడా లేదు. టైము పన్నెండూ నలభై. చీటీ మూల ఎర్రగా ఒక మరక ఉంది.

మేరీ టీచరు గారు రెండు రోజులు ఆలోచించి ఒక కారణం చెప్పారు. కంగారులో వాడు లైసెన్సు బదులు, అక్కడ ఉండటానికి ఆ దేశం వాళ్లిచ్చే ఇంకో గుర్తింపు కార్డు చూపించి ఉంటాడనీ, నెంబరు పోలీసుల మిషన్లోంచి వచ్చి ఉంటుందనీ. నాకూ అదే నిజమైతే బాగుండుననిపించింది. కానీ వాడు ఇల్లు వదిలినప్పటికి ఏ కార్డుకీ బొట్టు లేదు. నేను పెట్టింది నవమి రోజు రెండు గంటలకి. మరి ఆ పోలీసాయన వేలికి కుంకం ఎక్కడిది?

ఆవిడ నా నోటుబుక్కు తీసుకుని ఆ పేజీ ఇంకోసారి చదివారు. చర్చిలో ఎవరికీ చెప్పలేదట. నేను అబద్ధమాడుతున్నానని కూడా ఎవరితోనూ అనలేదు.

మా వీధిలో కొందరు అమ్మవారి మహిమ అన్నారు. అమ్మవారికి అంత తీరికే ఉంటే ముందు ఆ వెనక లైటు వెలిగించేది అని చెప్పాను. నాకు మహిమ అక్కర్లేదు, అది ఎలా జరిగిందో కావాలి. షాజీతో కూడా ఫోన్లో మాట్లాడాను, వచ్చీరాని హిందీలో. పోలీసు వేలు తుడుచుకోవడం కళ్లారా చూశానన్నాడు. వాడికి మా పూజలతో పనేముంది?

కార్డుని గుడివాడ నుంచి మస్కట్ వెళ్తున్న ఒకాయన చేత పంపించాం. అది చేరేదాకా తొమ్మిది రోజులు సాంబయ్య స్టీరింగు ముట్టుకోలేదు. ఇంట్లో మర్చిపోయానని సూపర్‌వైజరుకి నిజమే చెప్పి, షాజీతో పాటు పెట్టెలు మోశాడు. ఉద్యోగం నిలబడింది. అది చాలు నాగమణికి. నాకు చాలలేదు. నోటుబుక్కు తీసి ఆ పేజీ చూస్తూనే ఉంటాను.

ఈసారి దసరాకి పీట మీద వాడి పాత చేపల బండి తాళం పెడతాను. కార్డు జోలికి వెళ్లను.

ఆ రోజు ఇక్కడ ఉన్నది నేను, ధనలక్ష్మిని. మా తమ్ముడి భార్య నాగమణి. పక్కింటి మేరీ టీచరు గారు. అక్కడ ఉన్నది మా తమ్ముడు సాంబయ్య, కేరళ షాజీ, ఆ పోలీసాయన. ఆయన పేరు చీటీ కింద సంతకంలో ఉందట. అది అరబ్బీలో ఉంది. చదవడం నాకు రాదు.